నేలకి కుచ్చిళ్ళు

బెర్గెన్‌లో వాన చుట్టం కాదు,
అద్దె కట్టని వాటాదారు.
మా పెరడా, ఏటవాలు.
వంటింటి మెట్టు మీద జారిన నారింజపండు
గుత్తోర్మ్ కంచెకి తగిలి గానీ ఆగదు.
నీళ్ళూ అంతే. కాకపోతే
నీళ్ళు కంచె దగ్గర కూడా ఆగవు.

పదకొండేళ్ళు
నా చూరు నీళ్ళు ఆయన నేలమాళిగలోకి దిగాయి.
సంచిలోనే బంగాళాదుంపలు మొలకెత్తాయి.
పెళ్ళిఫోటోలో భార్య చెంప మీద
గోధుమరంగు మరకొకటి ఒడ్డు కట్టింది.
ఆ సంగతి ఆయన చెప్పలేదు,
ఉత్తరాలు పంచే అమ్మాయి చెప్పింది.
నేను మాత్రం అందరితో ఒకటే మాట:
నీరు పల్లమెరుగు, నేనేం చెయ్యను?

ముప్పై రెండేళ్ళు కర్టెన్లు కుట్టినదాన్ని.
ఒక రాత్రి చూరు కింద నిలబడితే తట్టింది
ఈ నేల మడత లేని గుడ్డ,
అందుకే అన్నీ జారిపోతున్నాయి.
కుచ్చిళ్ళు పెడితే?

ఏప్రిల్లో, సుద్దముక్కకి బదులు పిండి చల్లి
వాలుకి అడ్డంగా గీతలు గీశాను.
మధ్యలో ఒక ఎండు వాగు.
సముద్రపాయ ఒడ్డు నుంచి సైకిలు బుట్టలో
తెల్లని గులకరాళ్ళు, ఎన్ని ఆదివారాలో!
పాములా ఆరు వంపులు,
పిల్లి తప్ప ఎవరూ దాటక్కర్లేని
మూరెడు వంతెన.
వీధిలో వాళ్ళు ఆగి మరీ చూశారు.
నేనూ చూసుకున్నాను, కొత్త జాకెట్టుని అద్దంలో చూసుకున్నట్టు.

అక్టోబరులో ఒక్క రాత్రి.
నీళ్ళు నా వంపుల్ని చదవనే లేదు,
కవరు చించినట్టు తిన్నగా దిగాయి.
తెల్లారేసరికి రాళ్ళన్నీ గుత్తోర్మ్ గేటు ముందు,
వంతెన ఆయన పోస్టు డబ్బాకి ఆనుకుని,
పిల్లి దాని మీద.

గొడుగు వేసుకోకుండా వెళ్ళాను.
తడిసిన మనిషిని కాస్త తక్కువ తిడతారని.
ఆయన తోపుడుబండి తీసి
రాళ్ళని చిన్నా పెద్దా వేరుచేస్తున్నాడు.
నలభై ఏళ్ళు కొండదారుల్లో కల్వర్టులు కట్టాడట.
పదకొండేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.
"దారి చూపించావు, బాగానే ఉంది," అన్నాడు,
"కూర్చోడానికి చోటేదీ?"

ఆ చలికాలమంతా నేల గడ్డకట్టని రోజుల్లో తవ్వాం.
వంపు వంపుకీ ఒక గుంట,
గుంటలో ఇసుక, ఇసుక మీద కంకర.
మూడోవంతు పాతితేనే రాయి ఆ చోటిదవుతుందని
ఆయన చెబితే తెలిసింది.
గుంటల్లో పచ్చపూల ఐరిస్, అంచున ఫెర్న్‌లు.
నాచు పిలవకుండానే వచ్చింది.
చూరు గొట్టం పీకేసి
నా పాత ఇత్తడి కర్టెన్ రింగులు గొలుసు కట్టి వేలాడదీశాను;
నీళ్ళు ఒక్కో రింగే పట్టుకుని దిగుతాయి,
మోకాళ్ళ నొప్పులావిడ మెట్లు దిగినట్టు.

తగువులు లేవని కాదు.
పూడ్చేసే గొట్టముండగా ఈ సింగారమెందుకన్నాడు.
పూడ్చిన గొట్టాన్ని మనిషి మరిచిపోతాడు,
కళ్ళెదుటి వాగులో ఆకు పడితే వంగి తీస్తాడు, అన్నాను.
జవాబు చెప్పలేదు.
మర్నాడు ఇంకో మూడు రాళ్ళు తెచ్చాడు.

ఫోటో మీది మరక గురించి ఇప్పటికీ మాట్లాడుకోలేదు.
అది ఏ వాలు మీంచీ వెనక్కి ఎక్కదు.

అన్నీ అయ్యాయి మేలో. వాన లేదు.
పందొమ్మిది రోజులు!
ఊరంతా గడ్డి మీద పడి ఎండ కాగుతుంటే
మేమిద్దరం కొండవైపు చూసి తిట్టుకున్నాం.
ఇరవయ్యో రోజు ఓపిక చచ్చి
పై మెట్టు మీంచి బకెట్టు నీళ్ళు ఒంపాను.
ఆయన కింద, కంచె దగ్గర, అరచెయ్యి మట్టికి ఆనించి.
ఒకప్పుడు ఇరవై అంకెలు చాలేవి.
అరవై లెక్కపెట్టి అరిచాను: "వచ్చాయా?"
"రాలేదు."
ఇంకో బకెట్టు. "ఇప్పుడు?"
ఉత్తరాల అమ్మాయి సైకిలు ఆపి వింటోంది,
ఏది రానందుకు
ఈ ముసలాయన గొంతులో అంత సంబరమో తెలీక.
"రాలేదు, ఓడ్నీ! ఇంకా రాలేదు!"